రెండు రూపాయల బియ్యం - ఎన్.టి. రామారావు గారు

మన సంచికలో ప్రతి ఏడూ ఒక మహనీయుని జీవితం వేస్తాం. అంబేద్కర్ గారి మీద, పూలే దంపతుల మీద తమ్ముళ్ళు ఇప్పటికే బాగా రాశారు. ఈసారి నేను నందమూరి తారక రామారావు గారిని తీసుకున్నాను. హాస్టల్ సంచికలో సినిమా హీరో ఏంటన్నా అని ఒకరిద్దరు నవ్వారు. నేను రాస్తున్నది కృష్ణుడి వేషం గురించి కాదు తమ్ముళ్ళారా. మన మెస్‌లో ఉడికే అన్నానికి సర్కారు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, ఎవరి దగ్గర పన్ను వసూలు చేయాలి, ఎవరి కోసం ఖర్చు పెట్టాలి అని పార్టీలు ఏళ్ళ తరబడి కొట్లాడుకున్న కథ ఆయన జీవితంలోనే ఉంది. ఎం.ఏ.లో ఆర్థిక శాస్త్రం చదువుతుంటే సబ్సిడీ అనే పాఠం వచ్చినప్పుడల్లా నాకు మా ఇంటి రేషన్ సంచి గుర్తొస్తుంది. అందుకే ఈ వ్యాసం.

రామారావు గారు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. విజయవాడలో చదువుకునే రోజుల్లో ఇల్లు గడవడానికి హోటళ్ళకు పాలు పోశారు. గుంటూరు ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చదివారు. 1947లో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వచ్చింది. మనలాంటి వాళ్ళ ఇళ్ళలో అలాంటి ఉద్యోగం వస్తే ఊరంతా చక్కెర పంచుతారు. ఆయన మూడు వారాల్లో దాన్ని వదిలేసి మద్రాసు వెళ్ళిపోయారు. 1949లో మనదేశం సినిమాలో చిన్న వేషం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్. మిగతా సినిమా కథ మీ అందరికీ తెలిసిందే కనుక దాని జోలికి పోను. ఒక్కటి మాత్రం చెప్పాలి. రాయలసీమ కరువు కోసం 1952లో, దివిసీమ ఉప్పెన బాధితుల కోసం 1977లో ఆయన జోలె పట్టి ఊరూరా తిరిగి విరాళాలు పోగు చేశారు. ఆకలి అనే మాట ఆయనకు ఎన్నికల సభల్లో కొత్తగా దొరికింది కాదు.

1978 నుంచి 1983 లోపు కాంగ్రెస్ అధిష్ఠానం మన రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. మర్రి చెన్నారెడ్డి గారు, అంజయ్య గారు, భవనం వెంకట్రామిరెడ్డి గారు, కోట్ల విజయభాస్కరరెడ్డి గారు. ఈ అవమానాన్ని పట్టుకొని రామారావు గారు 1982 మార్చి 29న హైదరాబాద్‌లో తెలుగుదేశం పార్టీ పెట్టారు. పాత షెవర్లే వ్యానును చైతన్య రథంగా మార్చుకొని రాష్ట్రమంతా తిరిగారు. ఆత్మగౌరవం గురించి పత్రికలు ఎక్కువ రాశాయి కానీ, పల్లెల్లో ఎక్కువగా చెవికెక్కిన మాట వేరు. కిలో బియ్యం రెండు రూపాయలకు ఇస్తానన్న వాగ్దానం అది.

ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. 1967లో తమిళనాడులో అన్నాదురై గారి డి.ఎం.కె. రూపాయికి పడి బియ్యం అంటూ గెలిచింది. గెలిచాక డబ్బు చాలక ఆ పథకాన్ని రాష్ట్రమంతా నిలబెట్టలేకపోయింది. ఆ అనుభవం చూసిన వాళ్ళు ఇక్కడ కూడా అదే జరుగుతుందని చెప్పారు. తమాషా ఏమిటంటే, రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం దండగ ఖర్చు అని ప్రచారం చేసిన కాంగ్రెస్ వాళ్ళే ఎన్నికల ముందు 1 రూపాయి 90 పైసలకు ఇస్తామని ప్రకటించారు. పది పైసలు తక్కువే అయినా జనం నమ్మలేదు. 1983 జనవరిలో 294 స్థానాల్లో రెండు వందలకు పైగా తెలుగుదేశం గెలిచింది. పార్టీ పెట్టి అప్పటికి తొమ్మిది నెలలే.

1983 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజున, పథకం మొదలైంది. ఏడాదికి ఆరు వేల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి మనిషికి 5 కిలోల చొప్పున, నెలకు 25 కిలోలు మించకుండా బియ్యం ఇచ్చారు. దీనికి ఆకుపచ్చ కార్డులు రాశారు. మా నానమ్మ చెప్పేది, అంతకు ముందు మా ఇంట్లో తెల్లన్నం పండగకో చుట్టాలు వస్తేనో తప్ప ఉండేది కాదట. మిగతా రోజులన్నీ జొన్న రొట్టె, జొన్న గటక. ఇంకో సంగతి కూడా చెప్పేది. ఇంట్లో నెలకు సరిపడా బియ్యం ఉంటే, తక్కువ కూలి ఇస్తానన్న ఆసామి పొలానికి పోకుండా ఒక రోజు ఇంట్లో కూర్చునే ధైర్యం వచ్చిందట. ఆర్థిక శాస్త్ర పుస్తకాల్లో దీన్ని బేరమాడే శక్తి అంటారు. కూలీ రేట్లు పెరిగాయని ఆసాములు ఈ పథకాన్ని తిట్టుకున్నది కూడా ఇందుకే.

అసెంబ్లీలో గొడవ మరో రకంగా నడిచింది. తిండికి పోసిన డబ్బు తిరిగి రాదు, అదే డబ్బు ప్రాజెక్టులకు, కరెంటుకు పెడితే పంట పెరిగి పన్నులు వస్తాయి అని ప్రతిపక్షం వాదించింది. పేదల కంటే కార్డులే ఎక్కువ ఉన్నాయని, బోగస్ కార్డుల బియ్యం డీలర్ల గోదాముల నుంచి బయటి మార్కెట్‌కు పోతుందని విమర్శించింది. ఇది ఉత్త రాజకీయ విమర్శ కాదు. రేషన్ షాపు ముందు వరుసలో నిలబడి పెరిగిన వాళ్ళెవరూ దీన్ని కాదనలేరు. ఆకలితో ఉన్న కూలీ కాలువ పూర్తయ్యేదాకా ఆగలేడు అన్నది రామారావు గారి పక్షం వాదన. కేంద్రంతో కూడా తగాదా నడిచింది. మన రాష్ట్రంలో పండిన ధాన్యమే లెవీ కింద కేంద్రానికి పోతుంటే, అదే బియ్యాన్ని కోటా కోసం ఢిల్లీని అడుక్కోవాలా అని ఆయన పట్టుబట్టారు. 1983 మే 28న, తన పుట్టినరోజున, విజయవాడలో కాంగ్రెసేతర నాయకులను పిలిచి రాష్ట్రాల హక్కుల మీద సమావేశం పెట్టారు. కేంద్ర రాష్ట్ర సంబంధాల మీద సర్కారియా కమిషన్ వేసింది కూడా ఆ ఏడాదే.

ఆయన అన్నిచోట్లా ధారాళంగా ఖర్చు పెట్టారనుకుంటే పొరపాటు. అధికారంలోకి రాగానే ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. యువతకు ఉద్యోగాలు వస్తాయన్నారు. ఒక్కసారిగా వేలమంది ఇంటికి పోయారు, ఉద్యోగులు ఆయనకు దూరమయ్యారు, చివరికి మళ్ళీ 58 చేయక తప్పలేదు. 1985లో శాసన మండలిని రద్దు చేయడానికి చెప్పిన కారణాల్లో ఖర్చు దండగ అన్నది ఒకటి. వంశపారంపర్యంగా వచ్చే పటేల్, పట్వారీ పదవులను 1984 జనవరిలో తీసేశారు. తాలూకాలను విడగొట్టి వెయ్యికి పైగా మండలాలు చేశారు. ఇన్ని కొత్త ఆఫీసులకు జీతాలెక్కడివి అని అప్పుడూ విమర్శ వచ్చింది. కానీ మన రాయికోడ్ మండల కేంద్రం అయింది ఆ మార్పుతోనే. కుల ధృవీకరణ పత్రం కోసం ఒక పూట కూలి పోగొట్టుకుంటే చాలు, రెండు రోజులు పోవక్కర్లేదు. ఆ ఖర్చు దండగని నేనైతే అనలేను. 1984 ఆగస్టు 16న ఆయన ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేయడం, జనం రోడ్డెక్కడం, సెప్టెంబర్ 16న మళ్ళీ ముఖ్యమంత్రి కావడం వేరే పెద్ద కథ.

ఇక ఆయన అభిమానులు దాటేసే విషయానికి వస్తాను. బియ్యానికి డబ్బు ఎక్కడిది? రాష్ట్రానికి సొంతంగా వచ్చే పెద్ద ఆదాయాలు అమ్మకం పన్ను, ఆబ్కారీ. ఆయన హయాంలోనే వారుణి వాహిని పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరా అందేలా చేసింది. సారా వేలం పాటల ఆదాయం ఏటేటా పెరిగింది. రేషన్ షాపులో తల్లికి ఒక చేత్తో ఇచ్చి, సారా దుకాణంలో తండ్రి దగ్గర మరో చేత్తో తీసుకున్నట్టయింది. ధనవంతుల మీద పన్ను వేస్తే గొడవ చేస్తారు, తాగేవాడు గొడవ చేయడు. అందుకే ఏ పార్టీ వచ్చినా ఖజానాకు ఇదే సులువైన దారి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు వాళ్ళు నిలదీసింది ఒక్క పార్టీని కాదు, ఈ లెక్క మొత్తాన్ని.

మన ప్రాంతానికి సంబంధించిన ఇంకో నష్టం కూడా ఉంది. చవక బియ్యం వచ్చాక జొన్న రొట్టె పేదల తిండి అనే చిన్నచూపు పెరిగింది. జహీరాబాద్ చుట్టుపక్కల మెట్ట భూముల్లో జొన్న పంట తగ్గింది, కొన్ని భూములు బీడు పడ్డాయి. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్ళు, ఎక్కువమంది దళిత స్త్రీలే, 1990ల మధ్యలో ఆ బీళ్ళను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలనే ఊళ్ళో పేదలకు చవకగా ఇచ్చే రేషన్ నడిపారు. అక్కడెక్కడో డెల్టాలో పండిన బియ్యం మనకెందుకు, మన భూమికే ఆ సబ్సిడీ ఇవ్వండి అన్నది వాళ్ళ వాదన. ఈ వాదన అసెంబ్లీలో ఏ పార్టీ నోటి నుంచీ బలంగా రాలేదు. నా దృష్టిలో ఖర్చు ఎక్కువా తక్కువా అనే తగాదా కంటే ఇది పెద్ద ప్రశ్న.

1989లో తెలుగుదేశం ఓడిపోయింది. కల్వకుర్తిలో రామారావు గారే ఓడిపోయారు, హిందూపురంలో మాత్రం గెలిచారు. 1991లో పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యారు. నంద్యాల ఉప ఎన్నికలో తెలుగువాడైన ప్రధాని మీద పోటీ పెట్టకూడదని రామారావు గారు అభ్యర్థిని నిలపలేదు. కానీ ఆర్థిక విధానంలో ఇద్దరివీ రెండు దారులు. అప్పుల సంక్షోభంలో ఉన్న కేంద్రం సబ్సిడీలు తగ్గించుకుంటూ, రాష్ట్రాలకు ఇచ్చే మామూలు రకం బియ్యం ధరను 1991 డిసెంబర్‌లో కిలో 3 రూపాయల 77 పైసలు, 1993 జనవరిలో 4.37, 1994 ఫిబ్రవరిలో 5.37 చేసింది. ఇక్కడ కాంగ్రెస్ ప్రభుత్వం 1992లో రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేసింది. 1994 ఎన్నికల్లో రామారావు గారు మళ్ళీ రెండు రూపాయలకే అన్నారు. పైగా సంపూర్ణ మద్య నిషేధం, రైతుకు హార్స్ పవర్‌కు ఏడాదికి 50 రూపాయల కరెంటు.

లెక్క వేసి చూడండి. 5.37కు కొని రెండుకు అమ్మితే కిలోకు 3.37 నష్టం. 25 కిలోలు తీసుకునే ఒక్కో కుటుంబానికి నెలకు 84 రూపాయల పైచిలుకు. లారీ కిరాయి, డీలర్ కమిషన్ వేరే. ఇంకోవైపు మద్యం మీద వచ్చే వెయ్యి కోట్లకు పైగా రాబడి పోతుంది. ఖర్చు పెరిగేది, ఆదాయం తగ్గేది ఒకేసారి. ఆర్థిక శాఖ అధికారులు భయపడటంలో తప్పు లేదు. జనం మాత్రం 216 స్థానాలిచ్చారు, కాంగ్రెస్‌కు 26 మిగిలాయి. 1994 డిసెంబర్ 12న ప్రమాణం చేసి, 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలు చేశారు. సారా డబ్బుతో బియ్యం ఇచ్చిన మనిషే సారా లేకుండా బియ్యం ఇవ్వడానికి ప్రయత్నించడం నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద సాహసంగా కనిపిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి ఎవరి మీద పన్ను వేయాలో తేల్చే సమయం ఆయనకు దొరకలేదు. పార్టీ చీలి 1995 సెప్టెంబర్ 1న చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు గారు హైదరాబాద్‌లో గుండెపోటుతో చనిపోయారు.

ఆ ఏడాదే కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం వేసి ఖజానా ఖాళీ అని చూపించింది. బియ్యం మళ్ళీ మూడున్నర అయింది, కరెంటు ఛార్జీలు పెరిగాయి, 1997లో నిషేధం ఎత్తేశారు. ఇదంతా చేసింది ఆయన పెట్టిన పార్టీయే. 2008లో రెండు రూపాయల బియ్యాన్ని తిరిగి తెచ్చింది ఒకప్పుడు దాన్ని దండగన్న కాంగ్రెస్, రాజశేఖరరెడ్డి గారి హయాంలో. 2011లో అది రూపాయి అయింది. తెలంగాణ వచ్చాక 2015 జనవరి నుంచి హాస్టళ్ళకు సన్నబియ్యం వచ్చింది. దొడ్డు బియ్యంలో రాళ్ళేరుకున్న సీనియర్లను అడిగితే ఆ తేడా చెప్తారు. 2024లో మన మెస్ ఛార్జీలు 40 శాతం పెంచారు. 2025 ఉగాది నుంచి రేషన్ షాపులో సన్నబియ్యం ఉచితం. ఆబ్కారీ మాత్రం ఇప్పటికీ రాష్ట్ర ఖజానాకు పెద్ద ఆదాయాల్లో ఒకటిగానే ఉంది.