రాస్ దొర నడిచిన బేగంపేటలో మేము

ఇంటర్ చదివేటప్పుడు మాలో ఒకడికి మలేరియా వచ్చి ఆ యేడు పరీక్షలు పోయాయి. అందుకే ఈ రోగం గుట్టు బయటపడ్డ చోటు చూడాలని ఒక ఆదివారం ఇంద్రేశం నుంచి నలుగురం బయలుదేరాం. పటాన్‌చెరులో బస్సెక్కి, అమీర్‌పేటలో దిగి బేగంపేట దాకా నడిచాం. పాత విమానాశ్రయం దగ్గర రోనాల్డ్ రాస్ పేరు పెట్టిన పాత భవనం ఉంది. దాన్ని చూసుకునేది ఉస్మానియా విశ్వవిద్యాలయమే.

రాస్ 1857 మే 13న అల్మోరాలో పుట్టాడు. తండ్రి సైన్యంలో పెద్ద అధికారి. కవిత్వం రాసుకోవాలని కొడుకు కోరిక, డాక్టరు కావాలని తండ్రి పట్టు. లండన్‌లో వైద్యం చదివి 1881లో సైనిక వైద్యుడిగా మన దేశానికి వచ్చాడు.

మలేరియా క్రిమిని 1880లోనే లావెరన్ కనుగొన్నాడు. అది మనిషి ఒంట్లోకి ఎలా వస్తుందో మాత్రం తేలలేదు. దోమను అనుమానించమని 1894లో మాన్సన్ అనే గురువు రాస్‌కు దారి చూపాడు. ఇక్కడికి వచ్చి రెండేళ్లు వందల దోమల్ని కోసి చూసినా ఏమీ దొరకలేదు. ఫ్యాను వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయట.

1897 ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని రెక్కల మీద మచ్చలున్న దోమలతో కుట్టించాడు. దోమకు ఒక అణా కూలి. 20వ తేదీన అలాంటి ఒక దోమ కడుపు గోడలో నల్ల రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. మరునాడు ఇంకో దోమలో అవి మరింత పెద్దగా ఉన్నాయి. క్రిమి దోమలో పెరుగుతోందని అర్థమైంది. 1898లో కలకత్తాలో పక్షుల మీద పరిశోధించి, దోమకాటుతోనే రోగం అంటుకుంటుందని రుజువు చేశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశాడు.

భవనం ముందు నిలబడి మేము ఎక్కువగా మాట్లాడుకున్నది హుస్సేన్ ఖాన్ గురించే. మన అమ్మానాన్నల్లాగే ఆయనా కూలి కోసం ఒళ్లు అప్పగించిన మనిషి. ఆ చేయి లేకుంటే ఆ బహుమతి లేదు.

తమ్ముళ్లూ! మలేరియా దోమ ఎక్కువగా నిలిచిన మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. ట్యాంకు మూత వేయండి, వారానికోసారి డ్రమ్ములు ఖాళీ చేసి ఆరబెట్టండి. జ్వరమొస్తే దాచుకోకుండా వెంటనే రక్త పరీక్ష చేయించుకోండి. మన ఇళ్లలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కుతున్నది మనమే. ఒక్క దోమకు ఒక యేడు పోగొట్టుకునే స్తోమత మనకు లేదు.