బర్తరఫయిన మేజిస్ట్రేటు

సురేంద్రనాథ బెనర్జీ 1848లో కలకత్తాలో జన్మించారు. 1869లో ఐ.సి.యస్. పరీక్షలో నెగ్గారు. వయస్సును గూర్చిన పేచీతో పేరు కొట్టివేయగా, లండనులో న్యాయస్థానమెక్కి ఆ హక్కు నిలబెట్టుకున్నారు. 1871లో, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న సిల్హెట్టుకు అసిస్టెంటు మేజిస్ట్రేటుగా వెళ్ళారు.

అక్కడ ఒక పడవ దొంగతనం కేసులో, పారిపోని ముద్దాయి పేరు ఫరారీల జాబితాలో చేరింది. గుమాస్తా ముందుంచిన కాగితాల కట్టలో దానిపైనా చేవ్రాలు పడిందని ఆయన సంజాయిషీ. ముగ్గురు దొరల సంఘం విచారించి, బుద్ధిపూర్వకంగానే చేశారన్నది. అజాగ్రత్త జరిగిన మాట నిజమే. కాని మందలింపుతో పోవలసినదానికి 1874లో ఉద్యోగమే ఊడింది! దయతో ఇచ్చినది నెలకు 50 రూపాయల భరణం. ఇంగ్లండు వెళ్ళి మొరపెట్టుకున్నా ఇండియా ఆఫీసు తోసిపుచ్చింది. బారిష్టరు కాబోతే, బర్తరఫయినవాడని ఆ తలుపూ మూశారు. ఒక్క తప్పునకు ఎన్ని శిక్షలు?

1875లో తిరిగివచ్చిన ఆయనకు ఈశ్వరచంద్ర విద్యాసాగరులు తమ మెట్రోపాలిటన్ విద్యాసంస్థలో ఆంగ్లోపన్యాసక పదవి ఇచ్చారు. (ఉపాధ్యాయలోకానికి ఆ బర్తరఫు మేలే చేసింది.) మరుసటి సంవత్సరం ఇండియన్ అసోసియేషన్ వెలసింది. 1895లోను, 1902లోను కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1921లో, వెళ్ళగొట్టిన దొరతనమే ఆయనను బెంగాలుకు మంత్రిని చేసింది. అప్పటికాయనకు 72 ఏండ్లు.