ఇంటింటి విద్యుత్తుకు భద్రత కోరిన విదుషి కరోలిన్ హాస్లెట్

గోడకు అమర్చిన సాకెట్ రంధ్రాలలో పసిబిడ్డ మేకునో పుల్లనో గుచ్చుతాడేమోనన్న భయం ప్రతి తల్లికీ సహజమే. ఆ భయాన్ని తొలగించే సాకెట్ రూపొందిన కృషిలో పాలుపంచుకున్న మహిళ కరోలిన్ హాస్లెట్.

ఆమె 1895 ఆగస్టు 17న ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో, ఒక రైల్వే సిగ్నల్ ఫిట్టర్ కుమార్తెగా జన్మించారు. బాయిలర్ల కంపెనీలో గుమాస్తా పనితో జీవనం ప్రారంభించి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అక్కడే ఇంజనీరింగ్ అభ్యసించారు. 1919లో మహిళా ఇంజనీర్ల సంఘానికి తొలి కార్యదర్శి అయ్యారు. 1924లో ఏర్పడిన విద్యుత్ మహిళా సంఘానికి సంచాలకురాలిగా మూడు దశాబ్దాలకు పైగా సేవలందించారు. విద్యుత్తు గృహిణుల చాకిరీని తగ్గించాలన్నదే ఆమె ఆశయం.

ఆనాటి బ్రిటన్‌లో గుండ్రని పిన్నుల ప్లగ్గులు 2, 5, 15, 30 ఆంపియర్లకు వేర్వేరు పరిమాణాలలో ఉండేవి. ఒక సాకెట్‌కు తగిన ప్లగ్గు మరొక దానికి తగిలేది కాదు. యుద్ధానంతర గృహనిర్మాణంలో విద్యుత్ ఏర్పాట్లు ఎలా ఉండాలో సూచించడానికి 1942లో ఇరవై మందితో ఒక సంఘం ఏర్పడింది. అందులో ఏకైక మహిళ కరోలిన్. పసిపిల్లల భద్రతకు ప్రాధాన్యమివ్వాలని ఆమె పట్టుబట్టారు.

1944లో ఆ సంఘం నివేదిక వెలువడింది. 1947లో బి.ఎస్. 1363 అనే ప్రమాణం అమలులోకి వచ్చింది. ఇందులో పిన్నులు దీర్ఘచతురస్రాకారంలో ఉంటాయి. పైనున్న ఎర్త్ పిన్ను మిగిలిన రెండింటికంటే పొడవు. అది ముందుగా లోనికి వెళ్ళి, విద్యుత్తు ప్రవహించే రంధ్రాలను మూసి ఉంచిన తలుపులను తెరుస్తుంది. ఎర్త్ పిన్ను లేనిదే ఆ తలుపులు తెరచుకోవు. ప్లగ్గులోనే ఫ్యూజు కూడా ఉంటుంది.

భారతదేశం మాత్రం పాత గుండ్రని పిన్నుల పద్ధతినే కొనసాగించింది. మన ఇళ్ళలోని మూడు పిన్నుల ప్లగ్గులు ఆ వంశానివే. అందువల్లనే దుబాయి, ఖతర్ వంటి గల్ఫ్ ప్రాంతాలకు ఉపాధికై వెళ్ళే మనవారికి అక్కడి సాకెట్లు కొత్తగా తోస్తాయి. అక్కడ బ్రిటిషు పద్ధతి వాడుకలో ఉంది. అడాప్టరు పిన్నుల ఆకారాన్ని మాత్రమే మార్చగలదు, వోల్టేజీని మార్చలేదు. ఎర్త్ లేని అడాప్టరుతో ఇస్త్రీపెట్టె వంటి లోహపు వస్తువులను వాడడం ప్రమాదకరం.

1947లోనే ఆమెకు డేమ్ బిరుదు లభించింది. 1957 జనవరి 4న ఆమె కన్నుమూశారు. ఒక చిన్న ప్లగ్గు నిర్మాణంలో కూడా తల్లి మనసుకు చోటుండాలని చాటిన జీవితమది.