డాక్టరు జాన్ స్నో

జాన్ స్నో 1813వ సంవత్సరమున ఇంగ్లండునందలి యార్కు పట్టణమున నొక కూలివాని యింట జన్మించెను. పదునాలుగవయేట న్యూకాసిలులో నొక వైద్యునియొద్ద శిష్యుఁడుగాఁ జేరి, పిదప లండనులో వైద్యుఁడై, 1853లో విక్టోరియా రాణికిఁ బ్రసవసమయమున క్లోరోఫారమిచ్చి ప్రసిద్ధి గాంచెను.

ఆ కాలమున కలరా దుర్గంధవాయువువలన వ్యాపించునని పెద్దలు నమ్మిరి. మలినజలమే కారణమని స్నో 1849లోనే ప్రకటించెను గాని, విన్నవారు స్వల్పము.

1854 ఆగస్టు నెలాఖరున సోహో పేటలో కలరా విజృంభించి ఆఱువందలకుఁ బైగా జనులను బలిగొనెను. స్నో ఇంటింటికిఁ దిరిగి, మృతులలో ననేకులు బ్రాడ్ వీధి పంపునీరు త్రాగినవారని కనుఁగొనెను. చెంతనున్న బీరు కార్ఖానా పనివారు ఆ నీరు త్రాగువారు కారు. వారిలో నొక్కఁడును మరణింపలేదు. సెప్టెంబరు 8వ తేదీన ఆ పంపుపిడి తొలఁగింపఁబడెను. అప్పటికే వ్యాధి తగ్గుముఖము పట్టియుండుటచేఁ బెక్కురు ఆయన మాట నంగీకరింపరైరి. మొదట సందేహించిన యా పేట సహాయపాదిరి హెన్రీ వైట్‌హెడ్ స్వయముగా విచారించి, ఒక రోగిశిశువు వస్త్రములుదికిన నీరు ప్రక్క మురుగుగుంటనుండి యూరి బావిఁ జేరెనని తెలిసికొని, స్నో పక్షము వహించెను.

స్నో 1858 జూన్ 16న నలువదియైదేండ్ల ప్రాయమున దివంగతుఁడయ్యెను. తన సిద్ధాంతమును లోక మంగీకరించుట చూడఁడయ్యెను. బాలబాలికలారా! త్రాగు నీరెచ్చటిదని మనము నేఁడు విచారించుట యా మహనీయుని శ్రమఫలములలో నొకటి.