ప్రతిజ్ఞాపాలకుడు సేఠ్ అహ్మద్ ముహమ్మద్ కాఛలియా

మాట ఇవ్వడం అందరికీ సులభమే. ఆ మాటకు మూల్యం చెల్లించవలసిన నాడు వెనుకాడనివారు అరుదు. దక్షిణాఫ్రికా భారతీయుల చరిత్రలో అటువంటి అరుదైన పురుషుడు సేఠ్ అహ్మద్ ముహమ్మద్ కాఛలియా. గాంధీజీ తన సత్యాగ్రహ చరిత్రలో ఎంతో గౌరవంతో స్మరించిన ఈ వర్తకుని పేరు ఆ దేశంలో సుప్రసిద్ధం. మన విద్యార్థులు కూడ ఆయనను ఎరుగవలసి ఉన్నది.

కాఛలియా గుజరాత్‌లోని సూరతు ప్రాంతానికి చెందిన ముస్లిం. ట్రాన్స్‌వాల్‌లో వ్యాపారం చేసి స్థిరపడ్డాడు. ఆంగ్ల విద్య స్వల్పం. లోకానుభవం, సూక్ష్మబుద్ధి అపారం. సభలలో మాట్లాడే అలవాటు ఆయనకు అంతగా లేదు.

1907లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. మొదటి దాని ప్రకారం ఆసియా పురుషులు నేరస్థులవలె పది వేళ్ల ముద్రలు వేసి, అనుమతి పత్రం పొంది, అడిగినప్పుడెల్లా పోలీసులకు చూపవలెను. రెండవది వలసల నిరోధక చట్టం. దేశంలో ప్రవేశించగోరేవారికి ఐరోపా భాషలలోనే పరీక్ష. ఉర్దూ, తెలుగు, గుజరాతీలలో ఎంతటి పండితుడైనా అక్కడ నిరక్షరాస్యుడే! ఈ రెండు చట్టాలు కలిసి కొత్తగా రాదలచిన భారతీయులకు ద్వారం మూసివేశాయి. మొదటి చట్టం తుర్కీ సామ్రాజ్యపు ముస్లింలకు కూడ వర్తించడం ముస్లింల మనస్సులను మరింత నొప్పించింది.

1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్ సభలో భారతీయులు దైవసాక్షిగా ప్రతిజ్ఞ చేసి ఉన్నారు. దైవం పేరిట చేసిన ప్రమాణాన్ని ఏ ప్రభుత్వమూ రద్దు చేయజాలదు. అందువల్ల ఈ పోరాటం హక్కుల కోసం మాత్రమే కాక, ఈమాన్‌కు సంబంధించిన విషయమైంది.

1907 జూలై 31న ప్రిటోరియా మసీదు ఆవరణలో మహాసభ జరిగింది. ప్రభుత్వం లొంగదని, చట్టాన్ని అంగీకరించడమే మేలని చెప్పడానికి విలియమ్ హాస్కెన్ అనే తెల్లదొర వచ్చాడు. అప్పుడు మితభాషి అయిన కాఛలియా లేచి, కంఠంపై చేయి పెట్టి, ఉరికంబమెక్కనైనా ఎక్కుతాను గాని ఈ చట్టానికి తలవంచనని అల్లాహ్ పేరిట శపథం చేశాడు. ఆ ఆవేశం చూసి గాంధీజీ తొలుత చిరునవ్వు నవ్వుకున్నాడు. తరువాతి కాలంలో ఆ చిరునవ్వుకు తానే సిగ్గుపడ్డాడు.

1908 ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్ హమీదియా మసీదు వద్ద రెండువేలకు పైగా అనుమతి పత్రాలు అగ్నికి ఆహుతి అయ్యాయి. ఆ తరువాత కాఛలియా బ్రిటిష్ ఇండియన్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. అసలు పరీక్ష అప్పుడే ఎదురైంది. ఆయనకు సరుకు అరువిచ్చిన తెల్ల వర్తకులు, పోరాటమైనా మానవలె, బాకీ మొత్తమైనా వెంటనే చెల్లించవలెనని పట్టుబట్టారు. వ్యాపారం సవ్యంగానే ఉన్నది. కాని ఆ సొమ్మంతా ఒక్కనాడు తెచ్చేదెట్లు? ఒక్క మాట అంటే దుకాణం నిలుస్తుంది. ఆ మాట ఆయన అనలేదు. తన ధర్మానికి, తన బాకీకి సంబంధం లేదని తెలిపి, సరుకును, లెక్కల పుస్తకాలను ఋణదాతల ముందు పెట్టాడు. దివాలా తీసినవాడన్న అపకీర్తిని భరించాడు. చివరకు ఋణదాతలందరికీ పౌనుకు ఇరవై షిల్లింగుల చొప్పున, అనగా పూర్తి బాకీ ముట్టింది. దైవానికిచ్చిన మాట, మనిషికిచ్చిన మాట రెండూ దక్కించుకున్నాడు. పోయింది సిరి మాత్రమే.

1909లో ఇంగ్లండుకు పంపదలచిన రాయబారులలో ఆయన ఒకడు. బయలుదేరే లోపలనే ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. పలుమార్లు చెరసాల చూశాడు. తన కుమారుడు అలీని గాంధీజీ నడిపిన టాల్‌స్టాయ్ క్షేత్రంలో చదువుకు చేర్పించాడు.

1913 మార్చిలో న్యాయమూర్తి సెర్ల్ ఇచ్చిన తీర్పు, క్రైస్తవ పద్ధతిన జరగని వివాహాలకు ఆ దేశంలో చెల్లుబాటు లేకుండ చేసింది. నిఖా చేసుకున్న ఇల్లాలు భార్య కాదన్నమాట! హిందూ, ముస్లిం, పారశీ కుటుంబాలన్నీ ఈ అవమానానికి గురి అయ్యాయి. ఆ ఏడాదే మరొక వలస చట్టం వచ్చింది. సెప్టెంబరులో సంఘాధ్యక్షునిగా కాఛలియా పోరాటం తిరిగి ఆరంభమగునని ప్రభుత్వానికి తెలియజేశాడు. మూడు పౌన్ల తలపన్నును ఎదిరించి నేటాల్ కూలీలు సమ్మె కట్టారు. వారిలో మద్రాసు రేవు దాటి వెళ్లిన తెలుగువారు కూడ ఉన్నారు. 1914లో ఆ పన్ను రద్దయింది, వివాహాలకు గుర్తింపు లభించింది. కొత్తవారి ప్రవేశంపై ఆంక్షలు మాత్రం తొలగలేదు.

1918లో కాఛలియా కన్నుమూశాడు. ఆయన కుమారులు మౌల్వీ ఇస్మాయీల్, యూసుఫ్ తరువాతి కాలంలో వర్ణవివక్షపై పోరాడారు. దేవబంద్‌లో చదివిన ఇస్మాయీల్‌ను భారత ప్రభుత్వం 1977లో పద్మశ్రీతో గౌరవించింది.

విద్యార్థులారా! కాఛలియా విద్వాంసుడు కాడు, వక్త కాడు. అయినను ఆయన జీవితం మనకు ఒక పాఠం. నమాజులో వంగిన శిరస్సు అన్యాయం ముందు వంగరాదు. అన్యాయాన్ని ఎదిరించే చేయి ఇతరుల బాకీ ఎగవేయరాదు. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా ప్రతిజ్ఞ వట్టి మాటగానే మిగులుతుంది.