తుఫానుకు పేరు పెట్టిన ఓడ కెప్టెన్

నంద్యాల: నల్లమలకు ఇవతల ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో సముద్రాన్ని కళ్లారా చూడని రైతులు ఎందరో ఉన్నారు. అయినా కార్తీకమాసంలో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందన్న కబురు చెవిన పడితే చాలు, కళ్లంలో ఆరబోసిన గింజల మీద పట్టలు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరుగెత్తుతారు. కుందూ, వక్కిలేరు గట్ల మీది ఊళ్లవారు ఆ రాత్రి కంటినిండా నిద్రపోరు. నడిసముద్రంలో పుట్టే గాలి తీరుతెన్నులు తెలుసుకోవాలని, తెలిసిన సంగతి పదిమందికీ చెప్పాలని దాదాపు ఇరవై ఏళ్లు పాటుపడిన వ్యక్తి హెన్రీ పిడింగ్టన్. ఇవాళ అందరి నోటా వినబడే సైక్లోన్ అన్న మాట ఆయన పెట్టిన పేరే.

పిడింగ్టన్ 1797లో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో జన్మించారు. వర్తకపు ఓడల్లో పనిచేసి కెప్టెన్ అయ్యారు. తరువాత ఓడ దిగి కలకత్తాలో స్థిరపడ్డారు. అక్కడ మొక్కల గురించి రాశారు, ఖనిజాలను పరీక్షించారు, ఆర్థిక భూగర్భశాస్త్ర మ్యూజియానికి క్యూరేటర్‌గా ఉన్నారు. ఓడ ప్రమాదాలపై విచారణ జరిపే న్యాయస్థానానికి అధ్యక్షత వహించారు. మునిగిన ఓడల కథలు వినీవినీ ఆయనకు ఒక సంగతి బోధపడి ఉండాలి. తుఫాను ఎటునుంచి వస్తున్నదో తెలియక, తప్పించుకుంటున్నామనుకుని దాని నోట్లోకే పోయిన ఓడలు తక్కువేమీ కావు.

1838లో ఇంగ్లండులో విలియం రీడ్ అనే సైనిక ఇంజనీరు తుఫానుల మీద ఒక గ్రంథం ప్రచురించారు. పెనుగాలులు తిన్నగా వీచవని, చుట్టూ తిరుగుతూ ముందుకు సాగుతాయని అందులో ఉంది. అది చదివిన పిడింగ్టన్, ఆ మాట మన బంగాళాఖాతానికి ఎంతవరకు సరిపోతుందో చూద్దామనుకున్నారు. 1839 జూన్‌లో వచ్చిన తుఫానుతో పని ప్రారంభించారు. ఆ రోజుల్లో ఉపగ్రహాలు లేవు, రాడార్లు లేవు, చివరకు తంతి సౌకర్యమైనా లేదు. ఆయనకు దొరికిందల్లా ఓడల దినచర్య పుస్తకాలు. ఏ గంటకు గాలి ఏ దిక్కునుంచి వీచింది, పాదరసం ఎంత పడిపోయింది అని కెప్టెన్లు రాసి పెట్టుకున్న లెక్కలు అవి. ఒక్కో తుఫానులో చిక్కిన ఓడల లెక్కలన్నీ తెప్పించి, పటం మీద ఒకదాని పక్కన ఒకటి గుర్తు పెడితే గాలి చుట్ట కళ్లకు కట్టింది.

మన రైతుకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కళ్లంలో మేటి చుట్టూ ఎడ్లు తిరుగుతాయి. ఆ ఎడ్లు తిరుగుతూ ఉండగానే మేటితో సహా కళ్లమంతా ఊరి మీదికి కదిలి వస్తే ఎలా ఉంటుందో తుఫాను అలా ఉంటుంది. మన వైపు సముద్రాల్లో ఆ తిరుగుడు గడియారపు ముల్లుకు ఎదురుగా సాగుతుంది. అందుచేత గాలికి ఎదురుగా నిలబడితే మేటి కుడిచేతి వైపున ఉన్నట్టు లెక్క. ఈ ఒక్క సూత్రం తెలిసిన కెప్టెను ఓడను ఎటు తిప్పాలో తేల్చుకోగలడు.

చార్లెస్ హెడిల్ అనే ఓడ కథ ఆయనకు బలమైన సాక్ష్యం అయింది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర ఆ ఓడ తుఫానులో పడింది. గాలి తోసినట్టల్లా పోతూ, గానుగెద్దులా ఐదు రోజుల్లో ఐదు చుట్లు తిరిగింది. వెయ్యి మైళ్లకు పైగా ప్రయాణం చేసినా, చివరికి తేలింది బయలుదేరిన చోటికి సుమారు 350 మైళ్ల దూరంలోనే. గాలి గుండ్రంగా తిరుగుతుందనడానికి ఇంకేం రుజువు కావాలి?

కోస్తా ఆంధ్రులకు ఆయన రాతల్లో దుఃఖంతో చదవవలసిన భాగం ఒకటి ఉంది. అది కోరంగి కథ. కాకినాడ సమీపంలోని కోరంగి ఒకప్పుడు పేరుమోసిన ఓడరేవు. బర్మాలో తెలుగువారందరినీ కోరంగీలు అని పిలిచేవారంటే ఆ ఊరి పేరు ఎంత దూరం పాకిందో ఊహించుకోవచ్చు. 1789 డిసెంబరులో ఆ ఊరి మీదికి ఒకదాని వెంట ఒకటి మూడు ఉప్పెన అలలు వచ్చాయి. ఓడలు ఊళ్లోకి కొట్టుకు వచ్చాయి, వేలమంది ప్రాణాలు పోయాయి. 1839 నవంబరులో మళ్లీ తుఫాను వచ్చి కోరంగిని తుడిచిపెట్టింది. గాలికంటే దాని వెంట వచ్చే నీటిగోడే ఎక్కువమందిని చంపుతుందని పిడింగ్టన్ గట్టిగా నమ్మడానికి ఇటువంటి ఘటనలే కారణం.

తేలిన విషయాలను ఆయన ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వరుసగా ప్రకటించారు. అయితే పండితులకు చెబితే ఓడలు బతకవు కదా. నావికుల కోసం 1848లో వేరే పుస్తకం రాశారు. ఆ రోజుల్లో ఇంగ్లీషు పిల్లలు అక్షరాలు దిద్దుకునే, పలుచని కొమ్ము రేకు తొడిగిన పలక పేరే దానికి పెట్టారు. మన లెక్కన చెప్పాలంటే అది తుఫానుల పెద్దబాలశిక్ష. గాలి దిక్కులు గీసిన పారదర్శకమైన రేకులు కూడా పుస్తకంతో జతచేశారు. వాటిని పటం మీద ఉంచి జరిపితే తుఫాను నడిబొడ్డు ఎక్కడుందో పెద్ద చదువు లేని నావికుడికీ తెలుస్తుంది. సైక్లోన్ అన్న పేరు ఈ పుస్తకంలోనే వచ్చింది. చుట్ట చుట్టుకున్న పామును తలపించే గ్రీకు మాట నుంచి ఆయన దాన్ని తీశారు. మన వాయుగుండం అన్న మాటలోనూ ఆ గుండ్రదనమే ఉంది.

ఆయన చెప్పినదంతా సరైనదేమీ కాదు. గాలి పూర్తి వృత్తంగా తిరగదని, లోపలికి ఒరుగుతూ తిరుగుతుందని తరువాతివారు తేల్చారు. ఆయన సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే ఓడ నడిబొడ్డుకు దగ్గరయ్యే ప్రమాదం ఉంది.

1853లో బ్రస్సెల్స్ నగరంలో పది దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. అమెరికా నౌకాదళ అధికారి మారీ చొరవతో జరిగిన ఆ మహాసభలో, ఓడలన్నీ గాలినీ నీటినీ ఒకే పద్ధతిలో నమోదు చేయాలని నిర్ణయించారు. పిడింగ్టన్ కలకత్తాలో పద్నాలుగేళ్లుగా ఓడ లెక్కలతో చేస్తున్న పని అటువంటిదే.

అదే ఏడాది ఆయన ఊరుకోలేక మరో పని చేశారు. కలకత్తాకు తోడుగా సుందరవనాల్లో మాట్లా నది ఒడ్డున కొత్త ఓడరేవు కట్టాలన్న ఆలోచన సాగుతోంది. అక్కడ ఏదో ఒకనాడు తుఫాను వెంట ఉప్పెన వచ్చి అంతా ముంచెత్తుతుందని, ఆ స్థలం వద్దని గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగంగా లేఖ రాసి అచ్చువేయించారు. కోరంగి పాఠం మరచిపోని మనిషి ఆయన. దొరతనం వారు వినలేదు.

పిడింగ్టన్ 1858లో కలకత్తాలో మరణించారు. 1864 అక్టోబరులో కలకత్తాను పెనుతుఫాను ముంచింది. చచ్చినవారి సంఖ్య 50 వేలు దాటింది. ఆ దెబ్బతో మరుసటి ఏడాది ఆ రేవులో తుఫాను హెచ్చరికల ఏర్పాటు చేశారు. దేశానికంతటికీ వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది.

మాట్లా ఒడ్డున రేవు మాత్రం కట్టనే కట్టారు. పోర్ట్ క్యానింగ్ అని పేరు పెట్టారు. 1867 నవంబరు 1న ఆరడుగుల నీరు ఊరి మీదుగా పారింది. కట్టిన మూడు నాలుగేళ్లకే రేవు పాడుబడింది. ఇప్పుడు క్యానింగ్ అంటే సుందరవనాలకు వెళ్లేవారు రైలు దిగే ఊరు. పెద్ద ఓడలేవీ అక్కడికి రావు.