కేరీ గారి ఇంట్లో మూసిన గది

మొన్నటి వీడియోలో విలియం కేరీ గారి విజయాలే చెప్పాను. కానీ మా నాన్న స్వస్థత కోసం మూడేళ్లుగా మోకరిస్తున్న నాకు ఆయన ఇంట్లోని మూసిన గదే గుర్తొస్తోంది.

1793లో బెంగాల్ వచ్చారు. మరుసటి ఏడాదే ఐదేళ్ల పీటర్ రక్త విరేచనాలతో చనిపోయాడు. తల్లి డొరోతీ గారికి మతి చలించింది. పక్క గదిలో ఆమె అరుస్తుంటే ఈయన బైబిలు తర్జుమా చేసుకునేవారు. ఎలా చేశారో!

1800 డిసెంబరు 28న, ఏడేళ్ల ఎదురుచూపు తర్వాత, కృష్ణ పాల్ గారు హుగ్లీ నదిలో బాప్తిస్మం తీసుకున్నారు. ఒక ప్రార్థనకు జవాబొచ్చింది. ఆ రోజు కూడా డొరోతీ గారు గదిలోనే ఉన్నారు, తలుపు వేసి.

శ్రీరాంపూర్‌లో మన తెలుగు కొత్త నిబంధన 1818లో అచ్చయింది. ఆమె మాత్రం బాగవ్వకుండానే 1807లో ప్రభువునందు నిద్రించారు.